ఊరి పొలిమేర నడకలు — ఓరుగంటి సీమ చరిత్ర

దేశచరిత్రను తెలిసికొనగోరువారు సాధారణముగా రాజధానుల వైపు చూచెదరు. ఓరుగంటి సీమ విషయమున ఆ చూపు హనుమకొండలోని వేయిస్తంభముల గుడిమీదను, ఓరుగల్లు కోటలోని కీర్తితోరణముల మీదను నిలిచిపోవును. అవి చూడదగినవే, లోకవిఖ్యాతములే. కాని కాకతీయ చరిత్రలో మిక్కిలి విలువగల కొన్ని సంగతులు రాజధానిలో దొరకలేదు. ఒకటి చెరువుకట్ట చెంత దొరికినది. మరియొకటి చిన్న పల్లెలోని చిన్న రాతిమీద దొరికినది. ఆ రాళ్లను నిలిపినవారు సింహాసనమెక్కినవారు కారు. ఒకరు అత్తవారింటికి పోయిన ఆడుబిడ్డ. వేరొకరు కొలువు చేసి బ్రదికిన మనిషి. ఇట్టి రాళ్లు బండి బాటలకు దూరముగా, పొలముల గట్లమీదను, కూలిన గుళ్ల ముంగిటను పడియుండును. వానిని కనుగొనుటకు కాలినడక తప్ప వేరు మార్గము లేదు.

ఊరి చుట్టును తీరికగా నడచుట దేహమునకు ఆరోగ్యము, మనస్సునకు ఉల్లాసము అని అందరు నెరుగుదురు. ఓరుగంటి సీమలో అట్టి నడక చరిత్రకు కూడ మేలు చేసినది. అది యెట్లో, ఇక ముందు ఏమి చేయవలసియున్నదో తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

నడకకు గల సంప్రదాయము

ఈ సీమలో ఊరు దాటి పొలిమేరల వెంట తిరుగుట క్రొత్తగా నేర్వవలసిన విద్య కాదు. పెత్రమాస వచ్చెననగా పిల్లలు, పడుచులు తంగేడు పూలకు, గునుగు పూలకు చెలకల వెంట బయలుదేరుదురు. ఏ గట్టున తంగేడు విరగబూచినదో, ఏ బీటిలో గునుగు దట్టముగా నున్నదో వారికి తెలిసినట్లు వేరొకరికి తెలియదు. దసరానాడు ఊరివారందరు జమ్మిచెట్టు వద్దకు నడచి, పాలపిట్టను చూచి మరలి వచ్చెదరు. కార్తికమున వనభోజనములకు చెట్ల క్రిందికి పోవుదురు. గొల్లవాడు మందను తోలుకొని యే గుట్ట వెనుక నీటి దొన యున్నదో ఎరుగును. గౌడు తెల్లవారకముందే తాటివనములో తిరుగును. నీరటికాడు తూము నుండి చివరి మడి వరకు కాలువ వెంట నడచును. పహాణీ వ్రాయుటకై పూర్వము పట్వారులు ఫసలు ఫసలుకు పొలమెల్ల తిరిగి, ఏ సర్వే నంబరులో ఏ పైరున్నదో కన్నులార చూచి వ్రాసికొనుచుండిరి. ఆ పట్వారీ పద్ధతి 1980వ దశకమున రద్దయినది. కాని వారి నక్షాలలో నిలిచిన కుంటల పేర్లు, మాన్యముల పేర్లు ఇప్పటికిని చరిత్రకు సాక్ష్యము లిచ్చుచున్నవి.

తన ఊరిని తానే నడచి తెలిసికొనుట యితర దేశములందును గౌరవము పొందిన పని. ఇంగ్లాండులో గిల్బర్టు వైటు అను మతాచార్యుడు సెల్బోర్ను అను పల్లెలో తన జీవితమున అధికభాగము గడపి, నిత్యము ఆ పొలములలో తిరిగి, పక్షులను, చెట్లను, పాత కట్టడములను గమనించి వ్రాసిన లేఖలు 1789లో గ్రంథముగా వెలువడినవి. రెండు శతాబ్దములు దాటినను ఆ గ్రంథమును జనులు చదువుచునే యున్నారు. అది ఒక్క పల్లె కథ. అట్టి కథ ప్రతి పల్లెకును కలదు. వ్రాసినవారు గల పల్లెలు మాత్రము తక్కువ.

చెరువు కట్ట

ఓరుగంటి పల్లెలలో నడకకు మొదలు చెరువు కట్ట. కట్టపై నడచువానికి ఒకవైపు నీరు, ఒకవైపు ఆయకట్టు కనబడును. తూము, మత్తడి, కట్టమైసమ్మ, కట్ట వాలున పేర్చిన రాతికట్టడము, ఇవి యన్నియు దినదినము చూచునవే యగుటచే ఎవ్వరును నిలిచి చూడరు. నిలిచి చూచినచో తూము ప్రక్కన నిలిపిన నలుపలకల రాతి స్తంభమొకటి కనబడవచ్చును. దానిపై సూర్యచంద్రుల గుర్తులుండిన యెడల అది దానశాసనమని ఊహింపదగును. సూర్యచంద్రులున్నంత వరకు ఈ దానము నిలుచుగాక అని ఆ గుర్తుల భావము.

కాకతీయుల కాలమున చెరువు త్రవ్వించుట సప్తసంతానములలో ఒకటిగా నెన్నబడెను. పుత్రుడు, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము, కృతి, తటాకము అను ఏడింటిలో తటాకము నలుగురికి అన్నము పెట్టునది. 1199 నుండి 1262 వరకు రాజ్యమేలిన గణపతిదేవుని కాలమున మంత్రులు, సేనానులు, రాజబంధువులు పోటీపడి చెరువులు కట్టించిరి. జగదాల ముమ్మడి పాకాల చెరువును నిర్మించెను. గుట్టల నడుమ కట్ట వేసి నిలిపిన ఆ జలరాశి సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్నది. రేచెర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో రుద్రేశ్వరాలయమును ప్రతిష్ఠించెను. జనులు రామప్ప గుడి యనునది అదియే. యునెస్కో సంస్థ 2021లో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది. గుడిని చూచి మరలిపోవు యాత్రికులలో చెరువు కట్ట వైపు నడచువారు కొందరే. నడచినవారికి చెట్ల నడుమ శిథిలములైన చిన్న గుళ్లు కనబడును. పెద్ద గుడి వైభవము తెలియుటకు ఆ చిన్న గుళ్ల మౌనమును కూడ చూడవలయును.

చెరువు కట్టించుట యొక ఎత్తు, దానిని నిలుపుట యొక ఎత్తు. పూర్వులు దానికై దశబంధము అను ఏర్పాటు చేసిరి. చెరువును కట్టినవానికిగాని, కాపాడువానికిగాని దాని క్రింది భూమిలో పదియవ వంతు, లేక పంటలో ఆ వంతు, మాన్యముగా నిచ్చుట దశబంధము. కడప జిల్లా పోరుమామిళ్లలోని 1369 నాటి శాసనము మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, ఆరు దోషములను వివరించుచున్నది. ధర్మబుద్ధిగల యజమాని, నీటి నెరిగిన శాస్త్రజ్ఞుడు, గట్టి నేల, త్రవ్వుటకు సమర్థులగు జనులు అందు కలరు. కట్ట నుండి నీరు కారుట, చవుడు నేల మొదలగునవి దోషములు. నేటి యింజనీరు తన శాస్త్రము నుండి చెప్పునది ఆ శాసనకర్త ఆరున్నర శతాబ్దముల క్రిందట తన అనుభవము నుండి చెప్పెను.

శాసనములలోని కొలతలు, భూభేదములు వ్యవసాయదారునకు వింతగ తోచవు. దానపత్రములలో నీరునేల, వెలిచేను అను మాటలు కనబడును. నిజాము కాలపు రెవిన్యూ లెక్కలలో తరి, ఖుష్కి యన్నవి అవియే. మర్తురు, ఖండుగ, పుట్టి, తూము, మానిక అను కొలతలలో కొన్ని ఇటీవలి వరకు కల్లములలో వినబడుచుండెను. సాలార్‌జంగు మంత్రిత్వమున 1865లో జిల్లాబందీ జరిగి క్రొత్త లెక్కలు వచ్చినవి. పేర్లు మారినవి, భూమి మారలేదు. పాత మాటను క్రొత్త మాటతో సరిపోల్చుకొనగలిగిన రైతు ఎనిమిది వందల ఏండ్ల క్రిందటి దానపత్రమును తన పాసుపుస్తకము వలె చదువుకొనగలడు.

బయ్యారము చెరువు శాసనము

ఈ సీమ చెరువులలో చరిత్రకారులకు మిక్కిలి ఉపకరించినది బయ్యారము చెరువు. బయ్యారము నేడు మహబూబాబాదు జిల్లాలో నున్నది. గణపతిదేవుని సోదరి మైలాంబ నతవాడి వంశమున మెట్టినది. ఆమె బయ్యారమున ధర్మకీర్తిసముద్రమను చెరువు త్రవ్వించి శాసనము వేయించెను. అందు పుట్టినింటి వంశమును మొదటి నుండి చెప్పించెను.

అంతకు పూర్వము దొరికిన శాసనములను బట్టి కాకతీయుల వంశక్రమము మొదటి బేతరాజుతో మొదలు పెట్టుచుండిరి. అతనికి ముందు ఎవరు, ఎచ్చటివారు అన్నది స్పష్టముగా లేకుండెను. బయ్యారము శాసనము వెన్నరాజుతో మొదలై, మువ్వురు గుండరాజులను, ఎఱ్ఱరాజును, పిండిగుండరాజును వరుసగా పేర్కొని బేతరాజును చేరుచున్నది. మువ్వురు గుండరాజులను మువ్వురు రాములతో పోల్చినది. తూర్పు చాళుక్య దానార్ణవుని 956 నాటి మాగల్లు శాసనములోని గుండ్యనతో ఈ వరుసను సరిచూచి, పండితులు కాకతీయుల పూర్వచరిత్రను దిద్దుకొనిరి. అన్నగారి ఆస్థానమున పండితులు లేరా? శాసనములు లేవా? ఉన్నవి. ఐనను పూర్వుల పేర్లన్నియు తప్పక తలచి రాతికెక్కించినది ఆడుబిడ్డ. పుట్టినిల్లు దూరమైన కొలది ఆ పేర్లు ఆడువారికి దగ్గరగుట నేటికిని ప్రతి యింట కానవచ్చును.

గుట్టలు, బండలు

చెరువు తర్వాత గుట్ట. హనుమకొండలోని పద్మాక్షి గుట్ట సద్దుల బతుకమ్మ నాడు జనసముద్రమై యుండును. ఆ గుట్టబండపై జైన తీర్థంకరుల విగ్రహములు మలచబడియున్నవి. అచ్చటి శాసనస్తంభము 1117 నాటిది. రెండవ ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ అచ్చట కడలాలయ బసదిని కట్టించినట్లు అందు గలదు. ఈమె బయ్యారము మైలాంబ కంటె నూరేండ్లు పూర్వపు వ్యక్తి. పేరు పోలికచే ఇరువురను ఒకరిగా తలపరాదు. జైనబసదిగా వెలసిన స్థలమే నేడు అమ్మవారి కోవెలగా పూజలందుకొనుచున్నది. మతములు మారినను జనులు ఆ గుట్టను విడువలేదని దీనివలన తెలియుచున్నది.

ఉర్సు గుట్ట బండమీద నరసింహకవి రచించిన సిద్ధోద్వాహమను సంస్కృత కావ్యము చెక్కబడియున్నది. తాటాకుపై వ్రాసిన కావ్యములెన్నియో చెదలపాలైనవి. బండనే గ్రంథముగా చేసికొన్న ఈ కావ్యము గాలివానలకు తాళి నిలిచినది. గ్రంథాలయమున అలమారలు సర్దువారు ఒకమారు ఆ బండను చూచి రాదగును. గోడలు, తలుపులు లేని పుస్తకశాల యది.

గుట్టల మీద అంతకంటె ప్రాచీనములైన ఆనవాళ్లును కలవు. రేగొండ ప్రాంతమున తిరుమలగిరి చెంత పాండవుల గుట్టపై రాతి చాళ్లలో ఆదిమానవులు గీసిన చిత్రములున్నవి. తాడ్వాయి అడవులలో దామరవాయి వద్ద పెద్ద పెద్ద రాతిపలకలతో అమర్చిన సమాధులు బారులుగా నున్నవి. జనులు అట్టివానిని రాక్షస గుళ్లందురు. అంతంత బండల నెత్తుట మానవమాత్రులకు శక్యము కాదని తలచి అట్లు పేరు పెట్టిరి. పరిశోధకులు వానిని బృహత్ శిలాయుగపు సమాధులని నిర్ణయించిరి. పల్లెకథలో పేరు తప్పియుండవచ్చును గాని, అచ్చట అసాధారణమైన దేదో కలదన్న గుర్తు తప్పలేదు. కావున వృద్ధులు పాండవులు వండుకొన్న చోటు అనియో, సీతమ్మ స్నానమాడిన గుండము అనియో చెప్పినప్పుడు నవ్వి ఊరకుండక, ఆ చోటికి పోయి చూచుట మేలు.

చందుపట్ల శిల

నడచి చూచినందున కలుగు ఫలమునకు చందుపట్ల శాసనమును మించిన నిదర్శనము లేదు. చందుపట్ల నల్లగొండ జిల్లా నకిరేకల్లు ప్రాంతమునందలి పల్లె. రుద్రమదేవి 1262లో రాజ్యభారము వహించి, దేవగిరి యాదవులను తిప్పికొట్టి, ఓరుగల్లు కోటను బలపరచిన వీరనారి. ఆమె నిర్యాణమెప్పుడు, ఎట్లు జరిగినది అన్నది చాలకాలము తెలియలేదు. 1295 ప్రాంతము వరకు ఆమె పాలించినట్లు చరిత్రగ్రంథములు వ్రాయుచుండెను. పిల్లలు పాఠములలో అట్లే చదివిరి.

చందుపట్ల రాయి ఆ మాటను మార్చినది. పువ్వుల ముమ్మడి యనువాడు 1289 నవంబరు 27కు సరియగు తిథినాడు, శివలోకమునకు చనిన కాకతి రుద్రమదేవికిని, మల్లికార్జున నాయకునికిని పుణ్యముగా ఊరి దేవునికి భూమి నిచ్చెనని అందు గలదు. మల్లికార్జునుడు సేనానాయకుడు. రాణియు, సేనానియు ఒకే దానమున కలసి స్మరింపబడుటను బట్టి, ఇరువురును ఒక్క యుద్ధమునందే మరణించిరని, ఆ యుద్ధము తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవునితో జరిగినదని పండితులు ఊహించిరి. ఈ శాసనమును పరిశీలించి ప్రకటించిన పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు 1978లో వెలువడిన తమ కాకతీయ చరిత్రయందు ఆ తేదీని నెలకొల్పిరి. నేడు గ్రంథములన్నియు రుద్రమదేవి మరణమును 1289గా వ్రాయుచున్నవి.

మహారాజ్ఞి మరణవార్తను రాజధానిలోని ఏ స్తంభమును చెప్పలేదు. పల్లెలో దేవుని యెదుట తన శక్తికొలది కొంత భూమి నిచ్చి, చనిపోయినవారి పేరు తలచికొన్న మనుష్యుడు చెప్పెను. దాదాపు ఏడు శతాబ్దములు ఆ మాట రాతిమీదనే యున్నది, చదువువారు లేక. ఆ మధ్యకాలమున ఎవరైన ఆ రాతిని పగులగొట్టి పునాదిలో వేసియుండిన యెడల, రుద్రమదేవి యెప్పుడు మరణించెనో లోకమునకు తెలియకయే పోయెడిది.

నడచిన పెద్దలు

మెకంజీ దొర వద్ద పని చేసిన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఊరూర తిరిగి కైఫీయతులను, శాసనములను సేకరించిరి. కరణముల వద్ద నున్న కవిలె కట్టలే ఆ కైఫీయతులలో పెక్కింటికి ఆధారము. తర్వాతి కాలమున మల్లంపల్లి సోమశేఖరశర్మగారు విశ్వవిద్యాలయ పట్టములు లేకున్నను స్వయంకృషిచే ప్రాచీన లిపులను నేర్చి, శాసనములను చదివి, రెడ్డిరాజ్యముల చరిత్రను 1948లో ప్రకటించిరి. విద్యకు పాఠశాల యొక ద్వారము. ఆసక్తి మరియొక ద్వారమని వారి జీవితము చాటుచున్నది.

హైదరాబాదు రాష్ట్రమున ఈ పని గ్రంథాలయోద్యమముతో కలసి పెరిగినది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపితములైనవి. ఆంధ్ర జనసంఘము పుట్టిన పిదప శాసనములకై యొక పరిశోధక సంఘమేర్పడి, 1923లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు స్వర్గస్థులైన తర్వాత వారి పేర లక్ష్మణరాయ పరిశోధక మండలి యైనది. ఆదిరాజు వీరభద్రరావుగారు దాని కార్యభారము వహించిరి. శేషాద్రి రమణకవులను పేర ప్రసిద్ధులైన దూపాటి సోదరులు పల్లెపల్లె తిరిగి తాళపత్రములను, శాసనములను సేకరించిరి. మండలి పక్షమున తెలంగాణా శాసనములు మొదటి సంపుటము 1935లో వెలువడినది. తెలంగాణములో కవులు లేరన్న మాటకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 354 కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను 1934లో ప్రకటించిరి. శాసన సంపుటము మరుసటి యేట వచ్చుట ఆ కాలపు పూనికను తెలుపుచున్నది. ఒకరు కవులను వెదకిరి, ఒకరు రాళ్లను వెదకిరి. ఇరువురును వెదకినది తెలుగువారి ఆనవాలే.

పల్లెటూరి యందుండి ఏమి చేయగలమని నిరాశ చెందువారు ఇనుగుర్తి ఒద్దిరాజు సోదరులను తలచుకొనవలయును. సీతారామచంద్రరావు, రాఘవరంగారావుగారలు తమ పల్లెలోనే ముద్రాలయము పెట్టి 1922లో తెనుగు పత్రికను నడిపిరి. పత్రికకు పట్నము కావలెనన్న మాటను వారు పల్లె నుండియే అబద్ధము చేసిరి.

ప్రభుత్వపక్షమున 1914లో పురావస్తుశాఖ యేర్పడి, గులాం యజ్దానీగారి ఆధిపత్యమున శాసనముల ప్రకటన సాగినది. పి. శ్రీనివాసాచార్యులవారు తెలంగాణ జిల్లాల శాసనములను సంపుటీకరించిరి. వరంగల్లు జిల్లా శాసనముల సంపుటము నేలటూరి వేంకటరమణయ్యగారి సంపాదకత్వమున 1974లో వెలువడినది. 2016లోను, తర్వాతను జిల్లాలు విభజింపబడి, ఆ సంపుటములోని ఊళ్లు నేడు పెక్కు జిల్లాల పాలైనవి. చదువువారు ఈ మార్పును గుర్తుంచుకొన్నచో ఊరి ఉనికి వెదకుట సులభము.

శిలను చూచు విధము

నడకకు బయలుదేరువారికి కొన్ని సంగతులు తెలిసియున్న మేలు. పంటలు కోసిన తర్వాత, మార్గశిరము నుండి మాఘము వరకు, గడ్డి యెండి దారులు తేటపడును. వేసవిలో చెరువులు తగ్గినప్పుడు నీట మునిగిన మెట్లు, స్తంభములు బయటపడును. అక్షరములు అరిగిన రాతిని నడినెత్తిన ఎండ యున్నప్పుడు చూచిన ఏమియు కనబడదు. ఉదయమునగాని సాయంకాలమునగాని ఏటవాలు వెలుతురు పడునప్పుడు చూచినచో ప్రతి గీతయందును నీడ నిలిచి అక్షరము తేలును. ఆ వేళనే ఛాయాచిత్రము తీయవలయును. నేడు ప్రతివాని చేతియందును ఫోను కలదు గనుక దీనికి వ్యయము లేదు.

రాతిని నీటితో, మెత్తని కుంచెతో మాత్రమే కడుగవలయును. ఇనుపచువ్వతో గీకుట, సున్నము పూయుట, రంగులు వేయుట తగవు. భక్తితో వేసిన రంగైనను అక్షరమును పూడ్చును. పరిశోధకులు తడికాగితమును రాతిపై అదిమి, కుంచెతో కొట్టి, సిరాబొంత అద్ది అచ్చు తీయుదురు. అది నేర్చినవారి పని, నేర్వనివారు పూనుకొనరాదు.

శకవర్షము కనబడిన యెడల దానికి 78 కలుపగా క్రీస్తుశకము వచ్చును. పుష్య, మాఘ, ఫాల్గున మాసములలో సాధారణముగా 79 కలుపవలసియుండును. వేయిస్తంభముల గుడి శాసనము శకవర్షము 1084, చిత్రభాను సంవత్సరము, మాఘ శుద్ధ త్రయోదశి నాటిది. లెక్క ప్రకారము అది 1163 జనవరి 19. పంచాంగము చూచుట తెలిసిన ప్రతివారును ఈ లెక్కను వేయగలరు. నాటి లిపిలో ఎకార ఏకారములకు, ఒకార ఓకారములకు భేదము చూపు అలవాటు లేదు. ఆ యొక్క సంగతి తెలిసినను కొన్ని మాటలు సుళువుగ విడివడును. అక్షరములు చదువరాకున్నను విచారము లేదు. రాయి యెచ్చట నున్నదో వ్రాసి పెట్టుటయే సగము పని.

నష్టము, కర్తవ్యము

ఈ రాళ్లకు మూడు విధముల హాని కలుగుచున్నది. మొదటిది తెలియనితనము. శాసనపు రాయి బట్టలుతుకు బండయై, వాకిటి మెట్టై, గడపయై అరిగిపోవుచున్నది. రెండవది ఆశ. గుప్తనిధులున్నవన్న భ్రమతో నందివిగ్రహముల క్రిందను, లింగముల క్రిందను త్రవ్వి, దొంగలు రాత్రికి రాత్రి గుళ్లను కూల్చుచున్నారు. శాసనము అక్షరములలో దాచినది పంచిపెట్టిన భూమి వివరమే కాని పూడ్చిపెట్టిన ధనము జాడ కాదు. భూమిలో పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరికినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము శాసించుచున్నది. మూడవది అభివృద్ధి పనులలోని తొందర. 2015లో మొదలైన మిషన్ కాకతీయ వలన పెక్కు చెరువులలో పూడిక తీసిరి. అది పూర్వుల ధర్మమును నిలుపు కార్యము. ఐనను కట్టను వెడల్పు చేయు యంత్రమునకు తూము ప్రక్కనున్న రాయి యెట్టిదో తెలియదు. తెలిసిన మనుష్యుడొకడు దగ్గర నుండవలయును.

ఆ మనుష్యుని తయారుచేయుట గ్రంథాలయము పని. ఇరువది యైదేండ్లు పుస్తకములను కాపాడి, చదువరులను పెంచిన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను వేళ, అలమారలో నొక క్రొత్త పుస్తకమునకు చోటియ్యదగును. అది అచ్చుపుస్తకము కానక్కరలేదు. గళ్లు గీసిన లెక్కల పుస్తకమైన చాలును. అందు గ్రామ పరిధిలోని ప్రతి శాసనము, వీరగల్లు, నాగశిల, పాతగుడి, పాతబావి, తూము ఒక్కొక్క పుటయందు వ్రాయవలయును. సర్వే నంబరు, దిక్కు, దగ్గరి చెట్టు లేక గట్టు, రాతి ఎత్తు వెడల్పులు, ఎన్ని పంక్తులున్నవి, ఎవరు ఏ తేదీన చూచిరి, వృద్ధులు దానిని గురించి యేమి చెప్పుదురు, ఇవి వరుసలు. ఛాయాచిత్రము అంటింపవలయును. ఏటేట సంక్రాంతి తర్వాత బాలురు, పెద్దలు కలసి ఆ పుస్తకమును చేతబట్టి ఊరి చుట్టు నడచి, ప్రతి రాయి యున్నచోట నున్నదో లేదో సరిచూడవలయును. పూర్వము ఫసలు ఫసలుకు పహాణీ వ్రాసిరి. ఇది చరిత్రకు పహాణీ. క్రొత్తది దొరికినచో పురావస్తుశాఖవారికి తెలుపవలయును. కదలించి తెచ్చి గ్రంథాలయము ముంగిట పెట్టుకొనరాదు. చోటు తప్పిన రాయి సగము మాట మరచిపోవును.

పాలకురికి సోమనాథుడు పుట్టిన పాలకుర్తి, పోతన పేరుతో పవిత్రమైన బమ్మెర, ఈ రెండును నేటి జనగామ జిల్లాలో నొకదానికొకటి చేరువ గ్రామములు. అట్టి నేలలో ఏ పొలము గట్టు ఏ మాటను దాచుకొన్నదో చెప్పలేము. మైలాంబ శాసనమునకు, ముమ్మడి శాసనమునకు చదువరులు దొరికిరి. ఇంకను చదువరులు దొరకని రాళ్లు గట్లమీద నున్నవి. వచ్చు మార్గశిరమున గడ్డి యెండిన పిదప, ఎండ యెక్కకముందే బయలుదేరినచో, మధ్యాహ్నమునకు మొదటి పుట నిండును.